మట్టిగోడలు తవ్విన ఆంటీ

నా చిన్నప్పుడు, అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో మేముండే అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో ఒక చైనా ఆంటీ ఉండేది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. వేసవి వస్తే చైనా వెళ్లి, ఏనాడో మట్టితో కట్టిన నగరాల గోడలనూ వాటి పక్కనున్న సమాధులనూ తవ్వేది.

ఒక శనివారం పొద్దున, నెలలు నిండకుండానే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాన్న నన్ను ఆ ఆంటీ దగ్గర వదిలి, అమ్మను హాస్పిటల్‌కు తీసుకెళ్లాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కాలుగాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగాను. పార్కింగ్‌లోకి ఏ కారు వచ్చినా మాదేననుకున్నాను. మధ్యాహ్నం పక్క బిల్డింగ్ తెలుగు ఆంటీ ఒకామె పులిహోర తెచ్చి, "ఏం కాదమ్మా, డోంట్ వర్రీ. సాయంత్రానికి తమ్ముడితో వచ్చేస్తారు" అంది. అంటూ నా కళ్లలోకి చూడలేదు. నాకు భయం ఇంకా పెరిగింది.

ఆమె వెళ్లాక చైనా ఆంటీని ఇంగ్లిష్‌లో అడిగాను, బేబీ బతుకుతాడా అని. ఆమె వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది.

"నాకు తెలియదు" అంది.

ఏడుపొచ్చింది. అయినా పొద్దుటినుంచీ నాతో నిజం మాట్లాడింది ఆమె ఒక్కతేననిపించింది.

తర్వాత ల్యాప్‌టాప్‌లో తవ్వకాల ఫొటోలు చూపించింది. గోడ నిండా పొర మీద పొర, పొరపొరకీ రోకటి పోట్ల గుంటలు. శత్రువులు వస్తారన్న భయంతో మట్టిని పొరలుగా దంచి కట్టారట. వచ్చారా అన్నాను. తెలియదు, ఇంకా అంతవరకు తవ్వలేదంది. ఒక చిన్న సమాధి ఫొటో దగ్గర ఆమె చేయి ఆగింది. అందులో పసిబిడ్డ పక్కన ఎవరో మట్టిగిన్నె పెట్టారు.

"ఆ బేబీ ఎవరు?"

"తెలియదు. ఎవరో చాలా ప్రేమించారని మాత్రం తెలుసు."

"ఏదీ తెలియకపోతే మరి ఏం చేస్తారు?" విసుగ్గా అడిగాను.

"ఇవాళ్టి మట్టిపొర ఇవాళ గీకి తీస్తాం. అక్కడే ఉంటాం."

నాకు కుదురు రాలేదు. మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆమె కూర్చోమనలేదు. నేను లేచిన ప్రతిసారీ తనూ లేచి నా పక్కన నిలబడింది.

పొద్దువాలేవేళ నాన్న ఫోన్ చేశాడు. "అమ్మ బానే ఉందిరా. తమ్ముడు చాలా చిన్నగా ఉన్నాడు, గ్లాస్ బాక్స్‌లో పెట్టారు. చూద్దాం" అన్నాడు. వాడు ఇంటికి రావడానికి చాలా వారాలు పట్టింది. ఇప్పుడు నాకంటే పొడుగు.

ఇవాళ్టికీ హాస్పిటల్లో తమవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లెవరైనా నా చేయి పట్టుకుని ఏమవుతుందని అడిగితే, ఏం కాదులే అన్న మాట నా నోట రాదు. తెలియదంటాను. వాళ్లు లేచి నడిస్తే, నేనూ లేచి పక్కన నడుస్తాను.