తిరగబడిన అక్షరాలు

నిన్న ఆదోనిలో పెళ్లిపత్రికలు అచ్చు వేయిస్తుంటే, ఇంకు వాసనకు చిన్నాన్న గుర్తొచ్చాడు. ఆయన చెక్క మీద బొమ్మలు చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీసే చిత్రకారుడు. నా ఎనిమిదో ఏట, జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ల బొమ్మను ఒక ప్రదర్శన కోసం నెల రోజులు చెక్కాడు. కింద ఆయన పేరు మాత్రం అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంది. పాపం, రాయడం రాదనుకుని, ఆయన లేనప్పుడు ఆ అక్షరాలు గీకేసి సరిగ్గా చెక్కాను.

చిన్నాన్న చూసి తల పట్టుకున్నాడు. "ఏం జేసినావే పాపా! అచ్చులో సరిగ్గా రావాలని అట్ల చెక్కినా గదా!"

"ముందే సెప్పొచ్చు గదా!" అని ఏడ్చాను.

"ఈ ఇంట్లో నా పని గురించి ఎవరడిగినారే?" అన్నాడు విసుగ్గా.

ఆ బొమ్మ ప్రదర్శనకు పోలేదు. వారం రోజులు నేను ఆయన కంటపడలేదు. ఆ విసుగు నా ఒక్కదాని మీదే కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.