లిందమ్మ విరవని సేమ్యా

సేమ్యా విరిస్తే మనిషి ఆయుష్షు విరిగిపోతుందని నమ్మే మనిషితో మీరెప్పుడైనా ఒకే వంటింట్లో వండారా? నేను వండుతున్నాను. ఆమె పేరు ఎర్లిండా. ఫిలిప్పీన్స్ దేశం. ఆడవాళ్ళ సెలూన్‌లో పని. పాస్‌పోర్టులో ఏమున్నా నాకు మాత్రం లిందమ్మ. బహ్రెయిన్‌లో, జింజ్ అనే పేటలో, మా ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక పొయ్యి. గది దగ్గర మాకెప్పుడూ తగువు రాలేదు. పొయ్యి సంగతి అడక్కండి.

తగువంటే గుర్తొచ్చింది. మా మేడ కింద గులాం మొహియుద్దీన్ కోల్డ్ స్టోర్ ఉంది, ఇక్కడ కిరాణా కొట్టుని అలాగే అంటారు. హైదరాబాదు మనిషి. మాటకు మాట అప్పజెప్పడంలో అతన్ని ఓడించినవాళ్ళు లేరు. ఒక సాయంత్రం లిందమ్మ సేమ్యా ప్యాకెట్టు తెచ్చి అతని బల్ల మీద దబ్బున పెట్టింది. మేం ముగ్గురం మాట్లాడేది నాలుగు భాషల కలగూరగంప, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"భాయ్, ఇది విరిగింది."

"ఇరిగితే ఏమైతది? నోట్లో పడ్డంక నువ్వు నమలవా?"

"నమలడం నా ఇష్టం. విరవడానికి నువ్వెవరు?"

"నేనెక్కడ ఇరిచిన? ఓడలో ఇరిగుంటది."

"ఇవాళ ఎవరి పుట్టినరోజో తెలుసా?"

"నాకెందుకు?"

"నీదే."

మొహియుద్దీన్ భార్య తాహెరా కనుబొమ్మలు దిద్దించుకోవడానికి వచ్చి లిందమ్మతో ఆ తేదీ చెప్పిందట. ఇంట్లో వాళ్ళకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు, అతనికే గుర్తులేదు.

"నీ ఆయుష్షు పొడుగ్గా వండనా, ముక్కలుగా వండనా? నువ్వే చెప్పు, ఖలాస్."

ఆ పెద్దమనిషి అరలో ఉన్న ప్యాకెట్లన్నీ దింపి, ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి, ఎక్స్‌రే చూసే డాక్టరులా చూసి, విరగనిది ఏరి ఇచ్చాడు. రాత్రికి అతనికి పళ్ళెం వెళ్ళింది. అప్పట్నించీ ప్యాకెట్లు పసిబిడ్డల్ని పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.

వాళ్ళ దేశంలో పుట్టినరోజుకి కేకున్నా లేకపోయినా పాన్సిత్ ఉండాలట. బియ్యపు సేమ్యా నానబెట్టి, వెల్లుల్లి, క్యాబేజీ, క్యారెట్, కోడిముక్కలు వేయించి, నల్లటి సోయాసాసు పోసి కలిపి, పైన నిమ్మకాయ పిండుతుంది. పోగు ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత పొడుగు. వాళ్ళమ్మ ఆ రోజు కత్తెరని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదట. లిందమ్మ వడ్డిస్తుంటే చూడాలి! ఒక కొస గిన్నెలో, ఒక కొస పళ్ళెంలో, మధ్యలో ఎత్తిపట్టిన చెయ్యి. ఆ కింద నుంచి నేను వంగి వెళ్ళాలి.

నాకు పుట్టినరోజు లేదు. పాస్‌పోర్టులో ఏజెంటు తనకి తోచింది రాశాడు. "అయితే నువ్వు ఈ గదిలోకొచ్చిన రోజే నీ పుట్టినరోజు" అని తీర్మానించేసింది. ఎదురు చెబుదామనుకునేలోపే పళ్ళెం ముందుకొచ్చేసింది.

మిగతా వంటల్లో మాకు పడదు. చింతపండు వేసి సినిగాంగ్ అని పులుసు కాస్తుంది. పులుసు వరకూ బాగానే ఉంటుంది, తాలింపు ఉండదు.

"లిందమ్మా, పులుసు మెళ్ళో ఏమీ లేకుండా బోసిగా ఉందే! రెండు ఎండుమిరపకాయలు, కాసిని ఆవాలు..."

"నానాయ్, పొయ్యి దగ్గర్నించి లే."

నానాయ్ అంటే వాళ్ళ భాషలో అమ్మ. లెమ్మనేటప్పుడు మరీ ముద్దుగా అంటుంది. కోడిని వెనిగర్లో, వెల్లుల్లిలో ఉడికించి అడోబో అంటుంది. మొదటిసారి ఊరగాయ పాడైందనుకున్నాను. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఆ ముక్క ఆమెతో అనకండి.

మెట్ల కింద గదిలో జగ్గారావని మా రాజోలు వైపు అబ్బాయి ఉంటాడు. మేడల మీద ఏసీలు బిగించే పని. అతని పుట్టినరోజు నాడు లిందమ్మకి ఓవర్‌టైం పడింది. "నానాయ్, సేమ్యా నానబెట్టు" అని ఫోన్ చేసింది. సేమ్యా సంగతి నాకొకరు చెప్పాలా? మా ఇళ్ళల్లో ప్యాకెట్టు చింపకముందే రెండు చేతులతో పట్టి పటపటా విరిచేస్తాం. విరిచేశాను. లిందమ్మ వచ్చి గిన్నెలోకి చూసి వేసిన కేకకి మూడో అంతస్తులో పడుకున్నవాళ్ళు లేచారు.

"జగ్గారావుని చంపేశావు!"

"పిన్నిగారూ, నేను బాగానే ఉన్నానండీ" అన్నాడు గుమ్మంలోంచి జగ్గారావు.

"నువ్వు మాట్లాడకు, నీకు తెలీదు" అని అతన్ని తరిమేసి, కొత్త ప్యాకెట్టు తెచ్చి మళ్ళీ వండింది. విరిగిందంతా మేమిద్దరం తిన్నాం.

"మన ఆయుష్షు పోయినా ఫర్వాలేదా?" అన్నాను.

"మన పుట్టినరోజు కాదుగా!"

మొన్న ఎండాకాలం జగ్గారావు వాళ్ళమ్మ పోయింది. సెలవు మీద సంతకం పెట్టాల్సిన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దేశంలో లేడు. తమ్ముడు తలకొరివి పెడుతుంటే ఇతను ఫోన్‌లో చూశాడు. మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు, వచ్చి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత అదే వరస. టీ తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. మండే ఎండలో మేడ అంచున నిలబడి చేసే పనాయె, ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగితే ఇంకేమన్నా ఉందా? ఒకరోజు తూలితే పక్కవాడు చొక్కా పట్టుకుని లాగాడట. నేను పప్పన్నం తీసుకెళ్ళాను. "ఆకలి లేదు పిన్నిగారూ." మొహియుద్దీన్ రొట్టెలు పంపాడు, తిరిగొచ్చాయి. లిందమ్మ అడోబో తీసుకెళ్ళింది, మూత తీయకుండానే తిరిగొచ్చింది.

"మైలలో ఉన్నాడే పిచ్చిదానా, పెద్దకర్మ అయ్యేదాకా నీసు ముట్టడు" అన్నాను.

ఆమె మెట్ల మీద కూలబడింది. "మరేం తింటాడు?"

"ఏమో. వాళ్ళమ్మ సేమ్యా ఉప్మా బాగా చేసేదని చెప్తుంటాడు."

లిందమ్మ కిందికెళ్ళి సేమ్యా ప్యాకెట్టు తెచ్చింది. నా ఒళ్ళో పెట్టింది.

"విరువు."

"ఏమిటీ?"

"ఉప్మాకి విరుస్తారుగా! నువ్వు విరువు. నాకు చేతులు రావు."

గోడవైపు తిరిగి చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. నేను మొదలెట్టాను.

"అయిందా?"

"ఇంకొంచెం."

"ఇంకెంత విరుస్తావు నానాయ్!"

ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి వేసి తాలింపు పెడుతుంటే, ఘాటుకి కళ్ళు తుడుచుకుందే గాని, పొయ్యి దగ్గర్నించి లెమ్మనలేదు. నాకే ఉండబట్టలేదు.

"మరి ఆయుష్షో?"

"ముందు ఇవాళ తినాలి. పొడుగు సంగతి తర్వాత చూద్దాం" అంది.

పళ్ళెం పట్టుకెళ్ళమని ఆమెకే అందించాను. పుచ్చుకోలేదు. వండిన ప్రతిదీ మేడంతా చాటింపు వేసుకునే మనిషి!

"నేను తీసుకెళ్తే నీసు కలిసిందేమో అనుకుంటాడు. నువ్వే ఇయ్యి. నా పేరు ఎత్తకు. నేను మెట్ల పక్కన నిలబడతాను. తింటే ఒకసారి దగ్గు. ఇంకొంచెం అడిగితే రెండుసార్లు దగ్గు. చేస్తావా?"

వెళ్ళాను. జగ్గారావు పళ్ళెం అందుకున్నాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"తాలింపు మాడింది పిన్నిగారూ."

నా చేతి తాలింపుని! ఏదో అనబోయాను. నోరు నొక్కుకుని ఒకసారి దగ్గాను.

"మా అమ్మ కూడా రోజూ ఇలాగే మాడ్చేదండీ" అని తలొంచుకుని తిన్నాడు. తిని, పళ్ళెం నావైపు జరిపాడు. "ఇంకా ఉందాండీ?"

రెండుసార్లే దగ్గమంది లిందమ్మ. నేనెప్పుడు చెప్పిన మాట విన్నాను గనక? ఆగకుండా దగ్గాను. నా దగ్గుకి కంగారుపడి మొహియుద్దీన్ కొట్లోంచి అల్లం టీ పంపించాడు.