మూడు తీస్తే జత గ్యారంటీ

పొద్దున హిందూపురంలో మా ఇంటి వరండాలో పోటీ పరీక్షకు చదువుకుంటున్న మా అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. చీకటి గదిలో పెట్టె, అందులో పది ఎర్ర సాక్సులు, పది పచ్చ సాక్సులు. చూడకుండా ఎన్ని తీస్తే ఒకే రంగు జత ఖాయం? "ముందు లైటెయ్యమను," అన్నాను. "మూడు, నాయనా. దానికంత కోపమెందుకు?" అంది. కోపం అమ్మాయి మీద కాదు, ఆ మూడు మీద. మూడుకూ నాకూ పాత తగాదా.

డిగ్రీ రోజుల్లో సెలవులకు ధర్మవరంలో మేనత్త ఇంటికి పోయేవాణ్ణి. ఒకసారి దారిలో పెనుకొండ బస్టాండులో పజిళ్ల పుస్తకం కొన్నాను. బస్సు ధర్మవరం చేరేలోగా నాకు తర్కం వచ్చేసింది. అత్త పట్టుచీరలు నేసేది. రెండు ఎరుపులు ఒకే తొట్టిలో అద్దినవో కావో ఎండకు పట్టి చెప్పగల మనిషి. వీధిలో నేతగాళ్లంతా పట్టునూలు తెచ్చి ఆమెకు చూపించుకుని పోయేవాళ్లు. ఆ వారం షావుకారు ఎరుపు, పచ్చ నూలు కట్టలు పంపాడు. ఒకే పందిట్లో పెళ్లయ్యే అక్కాచెల్లెళ్లకు అచ్చం ఒకేలాంటి రెండు చీరలు కావాలి: ఎరుపు ఒళ్లు, పచ్చ అంచు. అత్త ఎర్ర కట్టలు వాకిట్లో ఎండకు పట్టి, "ఇవి జత కావు. ఎనక్కి పంపల్ల," అంది. నేను పుస్తకం తెరిచాను.

"అత్తా, ఉండేది రెండే రంగులు. ఏ మూడు కట్టలు తీసినా జత గ్యారంటీ."

"ఎరుపులోనే రెండు రకాలుండాయి కదబ్బా."

"ఎరుపంటే ఎరుపే."

"పుస్తకంలో ఉండాదా?"

"ఉండాది."

ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె ఇంకోసారి ఎండకేసి చూసి, తన కళ్ల మాట పక్కనపెట్టి నా మాట విని మగ్గంలో కూర్చుంది.

చీరలు రెండూ అయ్యాక షావుకారు వాటిని అంగడి గుమ్మంలో వెలుతురుకు పట్టాడు. ఒకటి కుంకుమ, ఒకటి ఇటుక. నూలు పంపింది తానేనన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నేతగాళ్లందరి ముందర, "కండ్లు పోయినట్లుండాయి గదమ్మా. ఇంక నువ్వు సాదా చీరలే నేయి," అని, ఒకటి ఉంచుకుని రెండోది ఆమె చేతుల్లోకి విసిరాడు. ఆయన మెడ పట్టుకోవాలనిపించింది. నా మెడ ఇంకా దగ్గరగా ఉంది. తర్కం తెలిసినవాణ్ణి గనక రెండూ పట్టుకోకుండా, గుమ్మం ముందు చెప్పుల జతలు చూస్తూ నిలబడ్డాను. అత్త నా పేరెత్తలేదు. ఇంటిదారిలో మాత్రం, "ఆ పుస్తకం రాసినోళ్లు చీకట్లోనే చూసినట్లుండారు లేప్పా," అంది. ఆ తర్వాత ఆమెకు నూలు చూపించడానికి ఎవరూ రాలేదు. పోయేదాకా సాదా చీరలే నేసింది.

అమ్మాయి మూడుకే టిక్కు పెట్టింది. మార్కు వస్తుంది, నాకు తెలుసు. అప్పుడు షావుకారు విసిరిన చీర ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఇందాక తీసి ఎండకు పట్టాను. బాగా వెలిసింది. రెండోది ఎక్కడున్నా ఈపాటికి ఇదే రంగుకు దిగి ఉంటుంది. కాలం జత కుదర్చకుండా వదలదు, కాకపోతే చూసి చెప్పగలిగిన కళ్లు పోయాక కుదురుస్తుంది.