పిల్లి మీద దావా వేసిన పెద్దమనిషి

లూథర్ గ్రిమ్‌స్టాడ్‌కి ఉన్న అలవాటు ఒక్కటే: కోర్టుకెళ్ళడం. కొందరికి పొద్దున్నే కాఫీ గొంతులో పడకపోతే తలనొప్పి వస్తుంది. ఆయనకి ఏదో ఒక దావా నడుస్తూ ఉండకపోతే ఆకలి వెయ్యదు. అయోవా రాష్ట్రంలో మార్బెరీ కౌంటీలో మొక్కజొన్న పండుతుంది, పందులు పెరుగుతాయి, లూథర్ దావాలు వేస్తాడు. మొదటి రెండూ ఒక్కో ఏడు దెబ్బతింటాయి. మూడోది ఎప్పుడూ దెబ్బతినలేదు.

వేసిన దావా గెలిచిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు. అదేం ఆయనకి పట్టేది కాదు. జడ్జిగారు కొట్టేయగానే బల్ల మీద చరిచి, "అప్పీలు!" అని అరిచేవాడు. ఆ అప్పీలు పై కోర్టుకి వెళ్ళేది కాదు. రోడ్డుకి అవతల ఉన్న కేఫ్‌కి వెళ్ళేది. ప్రతివాదిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, కాఫీ ముందు పెట్టుకుని, కోర్టులో వాదించిందంతా మళ్ళీ మొదటినుంచీ వాదించేవాడు.

ఈ దావాలన్నీ ముందుగా వచ్చి పడేది వెల్మా ఓస్ట్రాండర్ బల్ల మీద. ఆవిడ ఆ కోర్టులో గుమాస్తా. యాభై దాటిన మనిషి, నిదానస్తురాలు, కళ్ళజోడు గొలుసు మెడలో వేలాడుతూ ఉంటుంది. మెట్ల మీద లూథర్ బూట్ల చప్పుడు వినబడగానే ఆ కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఊపిరి గట్టిగా పీల్చుకునేది.

"ఇవాళ ఎవరి మీదండీ?"

"బేకరీ మీద, అమ్మాయ్. డోనట్ కొన్నాను. మధ్యలో చిల్లి ఉంది."

"డోనట్‌కి మధ్యలో చిల్లే ఉంటుంది లూథర్ గారూ."

"ఉంటే ఉండనీ. చిల్లిలోంచి తీసిన ముక్క ఎక్కడ? అది నాది. నాకు అప్పగించమను."

బేకరీ ఆవిడ విచారణ రోజున ఒక పళ్ళెం నిండా చిన్న చిన్న పిండి ఉండలు వేయించి పట్టుకొచ్చి, "ఇవిగో నీ చిల్లులు, తిని చావు," అంది. జడ్జి క్విన్‌బీ ఒకటి రుచి చూసి, వాదికి ముట్టాల్సింది ముట్టిందని తేల్చి, కేసు కొట్టేశాడు. "అప్పీలు!" అన్నాడు లూథర్, నోటినిండా సాక్ష్యం పెట్టుకుని.

రిటైరయ్యేదాకా లూథర్ ఇంటింటికీ తిరిగి పియానోలు శ్రుతి చేసేవాడు. ఆ చెవి ఊరుకోదు కదా. ఒకసారి చర్చి మీద దావా వేశాడు. గంట శ్రుతి తప్పిందట, ఆదివారం ఆదివారం తన మనసు క్షోభిస్తోందట. పాస్టరుగారు గంటని కోర్టుకి తేలేనన్నాడు. జడ్జిగారే కిటికీ తెరిపించి, పన్నెండు కొట్టేదాకా ఆగి, చెయ్యి చెవికి ఆనించి విన్నాడు.

"నాకు బాగానే ఉందే," అన్నాడు జడ్జి.

"తమరి చెవి మీద దావా వెయ్యొచ్చా, యువరానర్?"

"కూర్చోండి లూథర్."

అన్నిటిలోకీ పేరు మోసింది తన మీద తానే వేసుకున్న దావా. కొత్త సంవత్సరం నాడు చుట్ట మానేస్తానని తనకి తాను మాటిచ్చుకుని, మాట తప్పాడు. ఒప్పంద భంగం. విచారణ రోజున వాది కుర్చీలో కూర్చుని తన మీద నిప్పులు కక్కాడు. తరవాత లేచి, చొక్కా సర్దుకుని, ప్రతివాది కుర్చీలోకి మారి, "వాది చెప్పేదంతా పచ్చి అబద్ధం," అన్నాడు. మళ్ళీ ఇవతలికొచ్చి, "అభ్యంతరం!" అన్నాడు.

"ఇద్దరూ కూర్చుని రాజీ చేసుకోండి," అన్నాడు జడ్జి.

"అవతలివాడు మొండివాడండీ," అన్నాడు లూథర్ విచారంగా.

ఊరు ఇదంతా చెప్పుకుని నవ్వుకునేది. వెల్మాకి మాత్రం నవ్వు రాలేదు. కాగితాలు టైపు కొట్టేది ఆవిడ, సమన్లు పంపేది ఆవిడ, పిల్లికి కోర్టు గదిలో ప్రవేశం ఉందా అని పుస్తకాలు తిరగేసింది కూడా ఆవిడే.

పిల్లి సంగతేమిటంటే, ఎల్మ్ వీధిలో ప్రూడెన్స్ వాన్‌కర్క్ అని లాటిన్ టీచరుగా చేసి మానేసిన ముసలావిడ ఉంది. ఆవిడ పిల్లి కిటికీలో కూర్చుని, దారినపోయే తనని పైనించి కిందదాకా చూసి మొహం తిప్పుకుందని లూథర్ ఫిర్యాదు. నడివీధిలో అవమానం. పిల్లి తరఫున యజమానురాలు క్షమాపణ చెప్పాలి. మరో నెలకి ఈనస్ హాక్‌స్టెట్లర్ అనే రైతు మీద ఇంకో దావా. ఈనస్ పొలంలో ఉన్న దిష్టిబొమ్మ అచ్చం తనలాగే ఉందట. కాకులు తనని చూసి కూడా పారిపోతున్నాయట.

ఇలా ఉండగా లూథర్ ఒక పెద్ద తప్పు చేశాడు. ఊరు దాటి దావా వేశాడు. చెర్రీ జామ్ చేసే పట్నం కంపెనీ ఒకటుంది. సీసా మీద బొమ్మలో చెర్రీలు గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి, మూత తీస్తే అన్నీ చితికిపోయి ఉన్నాయి అని ఫిర్యాదు.

"జామ్ అంటే చితక్కొట్టి చేసేదే కదండీ," అంది వెల్మా.

"అయితే బొమ్మలో కూడా చితికినవే వెయ్యమను."

మార్బెరీ వాళ్ళయితే తిట్టుకుంటూ వచ్చి, వాదించి వెళ్ళేవారు. కంపెనీ అలా చెయ్యలేదు. డెక్స్‌టర్ లాంబ్‌రైట్ అనే లాయర్ని పంపించింది. నున్నగా దువ్విన తల, తళతళలాడే బూట్లు. ఆయన జామ్ ఊసే ఎత్తలేదు. ఈ మనిషి కోర్టుల్ని విసిగించడమే పనిగా పెట్టుకున్నాడు, ఇకమీదట జన్మలో దావా వెయ్యకుండా నిషేధించండి అని అర్జీ పెట్టాడు.

"ఈయన బాధితులెవరైనా ఉంటే చెప్పండి మేడమ్," అని వెల్మాని అడిగాడు.

"కూర్చోండి," అంది వెల్మా. "కాఫీ తాగుతారా?" చాలాకాలం తరవాత ఆవిడ మనసు తేలిగ్గా ఉంది. మనసారా నాలుగు పేర్లు చెప్పింది.

విచారణ రోజున కోర్టు కిటకిటలాడింది. లూథర్ తన పాత గోధుమరంగు సూటులో, ఎప్పుడూ లేనిది, మాట్లాడకుండా కూర్చున్నాడు. నిషేధం పడితే ఏం చేస్తాడో వెల్మా ఊహించుకోవాలని చూసింది. ఊహ అందలేదు. చేపకి నీళ్ళు మాన్పించినట్టే. కొంచెం జాలేసింది. ఆ జాలిని అక్కడే అణిచేసింది.

మొదటి సాక్షిగా ప్రూడెన్స్ వాన్‌కర్క్‌ని పిలిచారు. పెట్టిన పిన్ను కదలని జడతో, తిన్నగా వచ్చి కూర్చుంది. లాంబ్‌రైట్ మాట మొదలుపెడుతూ ఒక లాటిన్ ముక్క విసిరాడు. ఆవిడ అక్కడే ఆపి విభక్తి సరిచేసింది. ఆయన దగ్గి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఈ దావా వల్ల మీకు కలిగిన నష్టం కోర్టువారికి చెప్పండి."

"చాలా ఉంది. ముందుగా, తల దువ్వుకోవలసి వచ్చింది."

"అదేమిటి?"

"మా చెల్లెలు పోయాక నేను గడప దాటలేదు. సరుకులు గుమ్మంలో పెట్టి పోయేవారు. అలాంటిది షెరీఫ్ మనిషి సమన్లు తెచ్చాడు. నేను రాకపోతే పిల్లి ఓడిపోయినట్టేనట. ఈ మనిషి చేతిలో మా పిల్లి ఓడిపోవడమా! రాత్రంతా వాదన రాసుకున్నాను. మంచి గౌను ఇస్త్రీ చేసుకున్నాను. గెలిచాను."

"అంటే, మీకు చాలా శ్రమ కలిగింది..."

"కలిగింది. గెలిచాక ఆ కేఫ్‌లో ఈయన మళ్ళీ వాదనకి దిగాడు. నేను ఒప్పుకుంటానా? ఇప్పుడు ప్రతి గురువారం వెళ్తున్నాను. ఆయన వాదన ఇంకా చాలా బలహీనంగా ఉంది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. లాంబ్‌రైట్ గబగబా ఆవిణ్ణి పంపించేసి, ఈనస్ హాక్‌స్టెట్లర్‌ని పిలిచాడు. ఈనస్ మాటల మనిషి కాడు. భార్య ఆర్డిత్ పోయాక ఆవుల్ని అమ్మేసి, ఉన్న నాలుగు మాటలూ కూడా మానుకున్నాడు.

"దిష్టిబొమ్మ విషయంలో మీ మీద దావా వేశారు. అవునా?"

"అవును."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది."

"గట్టిగా చెప్పండి. ఎంత కోపం వచ్చింది?"

ఈనస్ టోపీని మోకాలి మీద తిప్పుతూ కాసేపు ఆలోచించాడు. "చాలా వచ్చింది. ఆర్డిత్ పోయాక నాకు ఏదీ రాలేదు. ఏడుపు రాలేదు, ఆకలి రాలేదు. మొదట వచ్చింది ఆ కోపమే." ఇంకాసేపు ఆలోచించాడు. "బావుంది."

"ఏం బావుంది?"

"కోపం రావడం. ఆ రోజు ఇంటికెళ్ళి రెండు గుడ్లు వేయించుకు తిన్నాను."

లాంబ్‌రైట్ నుదురు తుడుచుకున్నాడు. తెలివైనవాడు కాబట్టి గాలి ఎటు వీస్తోందో పసిగట్టాడు. ఇక సాక్షులొద్దని లూథర్‌నే బోను ఎక్కించాడు.

"మిస్టర్ గ్రిమ్‌స్టాడ్, మీరు జాలితో ఇదంతా చేశారని కోర్టుని నమ్మించాలని చూస్తున్నారా?"

లూథర్ ఎగిరిపడ్డాడు. "జాలా! అభ్యంతరం!"

"సాక్షి బోనులో ఉన్నవాళ్ళు అభ్యంతరం చెప్పడానికి లేదు," అన్నాడు జడ్జి క్విన్‌బీ. "నేనొకటి అడుగుతాను లూథర్. వాళ్ళతో మాట్లాడాలనిపిస్తే ఇంటికి భోజనానికి పిలవొచ్చు కదా?"

"పిలిచాను!" అన్నాడు లూథర్. ఆ గొంతులో నిజంగానే కోపం ఉంది. "ఈ ప్రూడెన్స్‌ని చర్చి విందుకి రమ్మంటే తలనొప్పి అంది. ఆ ఈనస్‌గాణ్ణి చేపలు పట్టడానికి రమ్మంటే నడుం నొప్పి అన్నాడు. నలభై ఏళ్ళు ఇళ్ళలోకి వెళ్ళి పియానోలు బాగుచేశాను యువరానర్, లోపల ఎవరు ఎలా ఉన్నారో నాకు తెలియదా? ప్రేమగా పిలిస్తే ఎవడొస్తాడండీ? అదే షెరీఫ్ మనిషి తలుపు కొడితే, చూడండి, ఒక్కడికి ఒక్క నొప్పి ఉండదు!"

అనేశాక, ఏమన్నాడో తెలిసింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. 

లాంబ్‌రైట్ చివరి బాణం వేశాడు. "మరి మా జామ్ కంపెనీ మీద ఎందుకు వేశారు?"

"చెర్రీలు చితికిపోయి ఉన్నాయి కనక. అందులో ప్రేమా లేదు, దోమా లేదు."

జడ్జి క్విన్‌బీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అవసరానికి మించి కొంచెంసేపు. జామ్ దావా కొట్టేశాడు. జామ్ చితికే ఉంటుందని, అది దాని ధర్మమని తీర్పులో రాయించాడు. నిషేధం అర్జీ కూడా కొట్టేశాడు. బాధితుల్ని చూపించమంటే కంపెనీవారు బాధపడనివాళ్ళనే చూపించారు, కాబట్టి ఫిర్యాదుకి ఆధారం లేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. లాంబ్‌రైట్ తన సంచీ సర్దుకుని, గుమ్మంలో ప్రూడెన్స్ తనని ఆపి ఆ విభక్తి మరోసారి చెబుతుంటే విని, పట్నం వెళ్ళిపోయాడు.

అందరూ లూథర్ చేతులు పట్టుకుని ఊపడానికి ఎగబడ్డారు. ఆయన ఎవరికీ దొరకలేదు. మొహం గంటుపెట్టుకుని, చేతికర్ర టకటకలాడించుకుంటూ, తిన్నగా వెల్మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కాగితం ఇవ్వు అమ్మాయ్. దావా వెయ్యాలి."

"ఇప్పుడా? ఎవరి మీద?"

"ప్రూడెన్స్ మీద, ఈనస్ మీద. పరువునష్టం. నిండు కోర్టులో ప్రమాణం చేసి మరీ నన్ను మంచివాణ్ణి చేసేశారు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా కష్టపడి సంపాదించుకున్న పేరు. ఇక నన్ను చూసి భయపడేదెవరు?"

వెల్మా పెదవి కొరుక్కుంటూ టైపు మిషను ముందుకి లాక్కుంది. ఇద్దరి పేర్లూ కొట్టి, "ఇంతేనా?" అంది.

"ఇంకోటుంది. వెల్మా ఓస్ట్రాండర్ అని కొట్టు."

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. "నేనా? నేనేం చేశానండీ?"

"ఈనస్ గుడ్ల సంగతి చెబుతుంటే కళ్ళు తుడుచుకున్నావు. నేను చూశాను. అందరూ చూశారు. కోర్టు ఉద్యోగివై ఉండి ఒక పక్షం వహించావు."

"జలుబు చేసిందండీ."

"అది జడ్జిగారి ముందు చెప్పుకో. తేలకపోతే అప్పీలు ఉంటుంది. అక్కడికి నువ్వు కూడా రావాలి, కూర్చోవాలి, కాఫీ తాగాలి. తప్పించుకోడానికి వీల్లేదు."

వెల్మా తన పేరు తనే కొట్టుకుంది. అక్షరం తప్పు పోకుండా చూసుకుని, తన మీద పడ్డ దావా మీద తనే ముద్ర వేసి, ఒక ప్రతి లూథర్‌కిచ్చి ఇంకో ప్రతి సమన్లుగా తనే అందుకుంది.

"మంచి లాయర్ని పెట్టుకో," అన్నాడు లూథర్, కాగితం జేబులో పెట్టుకుంటూ. "నాతో వాదించడం మాటలు కాదు."

"అక్కర్లేదు. నా కేసు నేనే వాదించుకుంటాను," అంది వెల్మా.

ఆ సాయంత్రం ఆవిడ కోర్టు తలుపులు వేసి ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా, జలుబుకి సాక్ష్యం ఎవరు చెబుతారా అనీ, విచారణకి ఆకుపచ్చ గౌను బావుంటుందా లేక పూలది వేసుకోవాలా అనీ ఆలోచిస్తూ, ఇల్లు దాటి రెండు వీధులు ముందుకెళ్ళిపోయింది.