తెల్ల గదిలో తెల్ల మెట్టు

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, అక్టోబరు మొదటి వారంలో, నన్ను దోహా ఆఫీసు నుంచి అల్ ఖోర్ దగ్గర సముద్రం ఒడ్డున కడుతున్న ఒక విల్లా పనికి బదిలీ చేశారు. హోదా సీనియర్ ఇంటీరియర్ ఆర్కిటెక్ట్. గోడలూ కప్పూ లేచాక లోపలికి వచ్చే రాయి, రంగు, చెక్క, దీపాలు, తలుపు పిడుల దాకా అన్నీ నా బాధ్యతే. నా పైన ప్రాజెక్ట్ మేనేజర్, మా అందరి పని తనిఖీ చేయడానికి యజమాని తరఫున ఒక కన్సల్టెంట్. యజమాని ఎప్పుడో గాని కనిపించేవాడు కాదు. కాకినాడ నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా గల్ఫ్‌లో ఇళ్ళు తీర్చిదిద్దుతున్న నాకు అదే చివరి పెద్ద పని అని తెలుసు. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేద్దామనుకున్నాను. చేశాననే చాలాకాలం అనుకున్నాను కూడా.

సముద్రం ఒడ్డున ఇల్లంటే చూడ్డానికి వచ్చేవాళ్ళకు కిటికీ గుర్తొస్తుంది, కట్టేవాళ్ళకు ఉప్పు గుర్తొస్తుంది. ఉప్పుగాలి మామూలు స్టీలును చూస్తూండగానే తినేస్తుంది కాబట్టి బయటి రెయిలింగులన్నీ పడవల్లో వాడే రకం స్టీలుతో చేయించాం. షమాల్ అని వాయవ్యం నుంచి దుమ్ముగాలి వీస్తుంది. అందుకని ఆ పక్క గోడకు కిటికీలు తగ్గించాం. తూర్పున, సముద్రం వైపు మాత్రం నేల నుంచి కప్పు దాకా అద్దమే. అక్కడ వెలుగు రెండు దారుల్లో లోపలికి వస్తుంది, ఒకటి ఆకాశం నుంచి, ఇంకొకటి నీళ్ళ మీంచి. ఆ రెండో వెలుగును లెక్కలోకి తీసుకోనివాడు తీరంలో ఇల్లు గీయకూడదని జూనియర్లకు చాలాసార్లు పాఠం చెప్పాను.

ఆ అద్దం వెనక ఉన్న కుటుంబపు హాలంటే నాకు మహా గర్వం. మగ అతిథులు కూర్చునే మజ్లిస్ వేరే, దానికి వీధి వైపు వేరే వాకిలి ఉంటుంది. ఈ హాలు ఆడవాళ్ళదీ, పిల్లలదీ. దీనికి ఐదు తెలుపులు ఎంచాను. కప్పుకొకటి, గోడలకు మీగడ ఛాయ ఉన్నదొకటి, తలుపులకొకటి, సోఫా బట్టకొకటి, నేలకు లేత సున్నపురాయి. యజమాని దోహాలో, ముషైరిబ్‌లోని మా ఆఫీసుకు వచ్చి, దీపాల కింద శాంపిల్ బోర్డు చూసి, దాని వెనక సంతకం పెట్టి వెళ్ళాడు. సంతకమయ్యాక ఇక ఆ బోర్డే చట్టం. హాలు మధ్యలో కూర్చునే చోటును ఒక్క మెట్టు కిందికి దించాను. ఆరంగుళాల మెట్టు. పై నేల, మెట్టు, కింది నేల అన్నీ ఒకే రాయి, అతుకు కూడా తెలియదు. కాలికి అంచు తెలియడం కోసం మెట్టు చివర వేరే రంగు పట్టీ వేయడం మామూలు. డ్రాయింగులో దాన్ని నేనే కొట్టేశాను. అంత చక్కటి తెలుపు మధ్య నల్లగీత పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆ హాలు ముఖ్యంగా యజమాని తల్లి కోసం. పొద్దునపూట సముద్రం చూస్తూ కూర్చోవాలన్నది ఆమె కోరిక అని నాకిచ్చిన కాగితాల్లో ఒక వాక్యం ఉంది. ఆమెను నేను ఒక్కసారైనా చూడలేదు. ఇంటి ఆడవాళ్ళు సైటు చూడ్డానికి వస్తున్నారంటే మగవాళ్ళమంతా గంట ముందే బయటికి వచ్చేయాలి. అది అక్కడి మర్యాద, అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. కానీ ఎవరి కోసం గది కడుతున్నానో ఆ మనిషి నడక ఎలాంటిదో, చూపు ఎలాంటిదో తెలియకుండానే కొలతలు వేశాను. నా అనుభవం చాల్లే అనుకున్నాను.

జనవరిలో ఒక శుక్రవారం ఆడవాళ్ళు వచ్చి ఇల్లు చూసుకుని బయల్దేరారు. కారు కదిలే ముందు ఒకామె మరిచిపోయిన ఫ్లాస్కు కోసం వెనక్కి వచ్చింది. నేను రాతిపని మేస్త్రీ లింబాద్రితో తెలుగులో మాట్లాడుతుంటే విని ఆగింది. పేరు రెడ్డెమ్మ, రాయచోటి దగ్గరి పల్లె. నలభై ఐదేళ్ళుంటాయి. పెద్దావిడను కనిపెట్టుకుని ఉండేది ఆమే. ఆ ఇంటి పనివాళ్ళు పెద్దావిడను ‘మామా కబీర’ అంటారు, పెద్దమ్మగారని అర్థం. రెడ్డెమ్మ నమస్కారం పెట్టి నేరుగా విషయంలోకి వచ్చింది.

“సార్, తెలుపు మింద తెలుపు ఏస్తే మామా కబీరకు అగపడదు. మెట్టు యాడుందో ఆమెకు తెల్దు. ఇప్పుడు కూడా నేను చెయ్యి పట్టుకోకుంటే పడిపోయేది. నల్లగా ఒక పట్టీ ఏయించండి సార్. ఆమె పడితే నా మిందికే వస్తాది.”

యజమానితో చెప్పించమన్నాను. మా పద్ధతి అది. మార్పు ఏదైనా యజమాని తరఫు కామెంట్ షీట్‌లో రాతపూర్వకంగా రావాలి, కన్సల్టెంట్ సంతకం పెట్టాలి, ఆ తరవాతే డ్రాయింగు మారుతుంది. రెడ్డెమ్మ తల అడ్డంగా ఊపింది. తన చూపు తగ్గిందన్న సంగతి పెద్దావిడ కొడుకు దాకా పోనివ్వదట. తెలిస్తే ఒక్క అడుగు కూడా ఒంటరిగా వేయనివ్వరని ఆమె భయం. సొంత ఇంట్లో తనంతట తాను తిరగడం ఒక్కటే ఆమెకు మిగిలిన దర్జా. తన పేరు ఎత్తకుండా నేనే వేయించినట్టు వేయించమని రెడ్డెమ్మ బతిమాలి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయింది.

డిజైనరుగా నేను ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది: భద్రత కోసం మెట్టు అంచున ముదురు రంగు పట్టీ వేయాలని సూచన. ఎవరి గుట్టూ బయటపడేది కాదు. కన్సల్టెంట్ మారుమాట లేకుండా సంతకం పెట్టేవాడు. నేను రాయలేదు. కామెంట్ షీట్ రాలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ నియమం నాకు అడ్డం రాలేదు, సాయానికి వచ్చింది. ఇంటిపని చేసే ఆవిడ నాకు రంగులు చెప్పడమేమిటన్న చిరాకు కూడా కొంత ఉంది. ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

వేసవి మొదట్లో ఇల్లు అప్పగించాం. వాళ్ళు కాపురానికి వచ్చిన రెండు వారాలకు ఫొటోలు తీసే రోజు వచ్చింది. పూర్తయిన ఇళ్ళను ఫొటోలు తీయించి కొత్త కొనుగోలుదారులకు చూపించడం మా కంపెనీ ఆనవాయితీ. యజమాని ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు. ఫొటోగ్రాఫర్, నేను, చిన్నచిన్న సర్దుళ్ళకు లింబాద్రి వెళ్ళాం. మగవాళ్ళం హాల్లో ఉన్నంతసేపూ ఆడవాళ్ళు మేడ మీది గదుల్లోనే ఉండాలన్నది ఏర్పాటు.

హాల్లో అడుగుపెట్టగానే మెట్టు పొడవునా రెండంగుళాల వెడల్పున నల్ల టేపు కనిపించింది. వంకర లేకుండా కత్తిరించి, ఒక్క బుడగైనా లేకుండా అదిమి అతికించారు. అది ఎవరి పనో నాకు చూడగానే తెలిసింది. ఫొటోగ్రాఫర్ దాన్ని చూసి ముఖం చిట్లించాడు. నేను లింబాద్రిని పిలిచి తీసేయమన్నాను. నిజామాబాద్ జిల్లా మనిషి, పని దగ్గర నాకు ఎదురుచెప్పి ఎరగడు. గొంతుక్కూర్చుని గోటితో అంచు లేపబోయి ఆగాడు.

“సార్, ఇది ఎవలో కావాలనే పెట్టిండ్రు. తియ్యాల్నా?”

తియ్యి, వెళ్ళేటప్పుడు మళ్ళీ పెట్టేద్దాం అన్నాను. గోటికి లొంగకపోతే బ్లేడు తెచ్చి పావుగంటసేపు లేపాడు, జిగురు మరక లేకుండా స్పిరిట్‌తో తుడిచాడు.

ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంత శుభ్రమైన తెలుపు ఈ దేశంలో చూడలేదని ఫొటోగ్రాఫర్ అన్నాడు. ఆ పొగడ్త నాకు బాగానే ఎక్కింది. లింబాద్రి కార్మికుల క్యాంప్ బస్సు వేళైందని మూడింటికే వెళ్ళిపోయాడు. మేం సామాను సర్దేసరికి ఐదు దాటింది. బ్లేడుకు ముక్కలైన టేపు మళ్ళీ అతికేలా లేదు, కొత్తది వేసుకోమని రెడ్డెమ్మకు చెప్పాలి. మేడ మీదికి వెళ్ళి ఆమెతో మాట్లాడే వీలు నాకు లేదు. ఆ ఇంటి డ్రైవరు ఓబులేసుదీ కడప వైపే, అతనితో కబురు పెడదామంటే సరుకులకు అబూ హమూర్ మార్కెట్టుకు వెళ్ళాడన్నారు. దారిలో అతనికి ఫోన్ చేద్దామనుకుని కారెక్కాను. ఎక్కగానే మేనేజరు ఫోన్, ఫొటోలు ఎలా వచ్చాయని. ఆ మాటల్లో పడి దోహా చేరాను. టేపు సంగతి మరిచిపోయాను. దీనికి ఇంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు ఓబులేసే నాకు ఫోన్ చేశాడు. ఏసీ కంపెనీ వాళ్ళు రావలసిన రోజట, ఇవాళ రావద్దని చెప్పమన్నాడు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు.

“మామా కబీర పడిపోయింది సార్. హాల్లో, మెట్టు కాడ.”

మిగతాది అతను చెప్పినదాన్నిబట్టి, తరవాత విన్నదాన్నిబట్టి నాకు తెలిసింది. రెండు వారాలుగా ఆ నల్లగీత చూసుకుంటూ పెద్దావిడ ఒక్కతే మెట్టు దిగడం అలవాటు చేసుకుంది. రెడ్డెమ్మకు కూడా ధైర్యం చిక్కి, ఆ కాసేపట్లో వంటింట్లోకి వెళ్ళి ఆమెకు కాఫీ తెచ్చేది. ఆ పొద్దున ఎండ నీళ్ళ మీంచి నేరుగా తెల్లరాతి మీద పడుతోంది. ఆమె గీత కోసం చూసుకుంటూ నడిచింది. గీత కనబడక ముందే మెట్టు వచ్చింది. తుంటి ఎముక విరిగింది.

ఆ సమయంలో పక్కన ఉండాల్సింది ఎవరని యజమాని అడిగాడు. దానికి ఇంట్లో అందరి దగ్గరా ఒకటే పేరు. టేపు ఉండేదని, రాత్రికి రాత్రి అది ఎటు పోయిందో తెలియదని రెడ్డెమ్మ చెప్పింది. ఇంట్లోవాళ్ళు దాన్ని సామాను దించినప్పుడు మిగిలిపోయిన ప్యాకింగ్ టేపు అనుకున్నారు, ఆమెది సాకు అనుకున్నారు. పెద్దావిడ నోరు విప్పితే తన చూపు సంగతి విప్పాలి. ఆమె విప్పలేదు.

మెట్టు కట్టడంలో లోపం ఉందా అని అడుగుతూ మా కంపెనీకి ఉత్తరం వచ్చింది. జవాబు రాసే పని నాది. టేపు సంగతి మేనేజరుకు చెప్పాను. ఆయన అంతా విని, వాళ్ళు అడిగింది మెట్టు గురించి గనక జవాబు కూడా మెట్టు గురించే ఉండాలన్నాడు. ఆమోదించిన డ్రాయింగు ప్రకారమే మెట్టు నిర్మించామని రాసి, డ్రాయింగు నకలు జతచేసి, సంతకం పెట్టాను. అందులో ఒక్క అబద్ధం లేదు. వృత్తిలో నేను రాసిన కాగితాలన్నిటిలోకీ నేను సిగ్గుపడేది దాని గురించే.

తొమ్మిదో రోజున, పనిలోంచి తీసేసిన రెడ్డెమ్మను తానే ఎయిర్‌పోర్టులో దింపి వచ్చానని ఓబులేసు చెప్పాడు. అప్పటికైనా నేను యజమాని దగ్గరికి వెళ్ళి ఉండాల్సింది. నా వీసా, నాకు మిగిలిన రెండేళ్ళు, నా పేరు గుర్తొచ్చాయి. వెళ్ళలేదు.

తరవాతి వారం కామెంట్ షీట్ వచ్చింది, మెట్టు అంచున ముదురు రంగు పట్టీ వేయాలని. ముదురాకుపచ్చ రాయితో డ్రాయింగు గీశాను. కన్సల్టెంట్ ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాడు. లింబాద్రి ఒకటిన్నర రోజులో బిగించాడు. పని చేస్తున్నంతసేపూ అతను నా వైపు చూడలేదు, నేనూ పలకరించలేదు. చెడిపోతుందని నేను భయపడిన గది చెడలేదు. నిజం చెప్పాలంటే ఆ గీతతోనే దానికి ఒక అందం వచ్చింది.

రిటైరయి కాకినాడ చేరాక ఓబులేసు దగ్గర నంబరు తీసుకుని రెడ్డెమ్మకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాలనే చేశాను. నేనెవరో గుర్తుపట్టగానే ఆమె అడిగిన మొదటి మాట, “మామా కబీర నడుస్తాందా సార్?”

కర్ర పట్టుకుని, పక్కన మనిషి ఉంటే నాలుగడుగులు వేస్తోందట అన్నాను.

“తప్పు నాదే సార్. టేపు సరింగా అతికించల్యా నేను. ఊడిపోయినట్టుంది. ఇల్లు ఊడ్చేటోళ్ళు చెత్తనుకోని పారేసినారేమో.”

“కొత్త రాయి మీద అలాగే అవుతుంది రెడ్డెమ్మా, జిగురు నిలవదు,” అన్నాను.

అది ఎంత గట్టిగా అతికి ఉందో, తీయడానికి ఎంతసేపు పట్టిందో చూసినవాణ్ణి నేను. ఆమె నాకు ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

సైటులో మాకొక నియమం ఉంది. పని కోసం ఎవరైనా రక్షణ కంచె విప్పితే తన పేరు, వేళ రాయాలి. విప్పినవాడే మళ్ళీ బిగించి, సంతకం పెట్టి వెళ్ళాలి. దాన్ని పాటించని మేస్త్రీలను నేను ఇంటికి పంపించాను కూడా. మనుషులు తమ ఇంట్లో తమ కోసం పెట్టుకున్న టేపుముక్కకు, గుడ్డపీలికకు, తలుపు కింది చెక్కకు కూడా ఆ నియమం వర్తిస్తుందని నాకు తోచలేదు. వర్తిస్తుంది. దాని ప్రకారం ఆ రోజు రాయాల్సిన పేరు నాది.