మా బావకి అర్థం కాని లేజర్

మా బావకి ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. ఒక్క విషయమైనా మొదటి విడతలోనే ఆయన బుర్రకెక్కడం నేనింతవరకూ చూడలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా కళ్ళార్పకుండా వింటాడు, బుద్ధిగా తలాడిస్తాడు, హమ్మయ్య అని వాళ్ళు ఊపిరి పీల్చుకునేలోగా, "అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి" అంటాడు. ఆ అనడంలో సిగ్గూ ఎగ్గూ ఏమీ ఉండవు. మంచినీళ్ళు ఇంకో గ్లాసు అడిగినంత మామూలుగా అడుగుతాడు.

ఇలాంటి మనిషి కాలేజీలో ఫిజిక్సు చెబుతాడంటే నమ్ముతారా? నమ్మాలి, ఎందుకంటే అదే కాలేజీలో నేను లెక్కలు చెబుతాను. ఆయన మా అక్క మొగుడు కాబట్టి, ఆయన ఎక్కడ ఏది అర్థం కాలేదన్నా జనం మొదట నావైపే చూస్తారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

ఒకసారి మా అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఏ మాత్ర పొద్దున వేసుకోవాలో, ఏది భోజనం తరవాతో గడగడా చెప్పేసింది. మా అమ్మ "సరేనమ్మా" అని లేవబోయింది.

"నాకర్థం కాలేదండీ," అన్నాడు మా బావ.

"మందులు మీకా, ఆవిడకా?"

"ఆవిడకేనండీ. అర్థం కానిది నాకు."

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. "తెల్ల మాత్ర దగ్గర దారి తప్పానండీ," అన్నాడు. మూడో విడత ఆవిడ ఒక్కో మాత్రా బల్ల మీద పెట్టి, పళ్ళు కొరుకుతూ చెప్పింది. బయటికి రాగానే పరువు తీశావు బావా అని నేను గొడవపడ్డాను. మా అమ్మ మాత్రం అల్లుణ్ణి వెనకేసుకొచ్చింది. "పోనీలేరా, కాస్త మందబుద్ధి అయినా మనసు వెన్న," అంది.

ఆ మందబుద్ధి గారికి లేజర్ కోర్సు పెట్టాలని బుద్ధి పుట్టింది.

కారణం లేకపోలేదు. మా కాలేజీ వెనక వీధిలో ఇనప బీరువాలు చేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. అది మూతపడి, అందులో పనిచేసినవాళ్ళంతా రోడ్డున పడ్డారు. అదే సమయంలో ఊరి అవతల కొత్త ఫ్యాక్టరీ లేచింది. అక్కడ ఇనప రేకుల్ని కత్తెరలతో కాదు, లేజర్ వెలుగుతో కోస్తారట. ఆ మిషను నడపడం వచ్చిన మనుషులు కావాలని గేటు మీద బోర్డు కట్టారు. ఇటు పని లేని మనుషులు, అటు మనుషులు లేని పని.

"మధ్యలో మన కాలేజీ ఉంది కదరా," అన్నాడు మా బావ. "మనం నేర్పిస్తే సరి."

స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను. బావ నవ్వేవాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగి, సంచీ తగిలించుకుని, అనుమతులిచ్చే ఆఫీసుకి వెళ్ళాడు. తోడుగా నన్నూ లాక్కెళ్ళాడు.

"కుదరదు. మీకు గది లేదు," అన్నాడు అక్కడి ఆఫీసరు.

"అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి."

"గదున్నా మిషను లేదు కదండీ!"

"ఇంకోసారి చెప్పండి."

"మిషను వచ్చినా చేరేదెవరు? ఆ ముసలీ ముతకా బీరువాల వాళ్ళా?"

"గది లేదన్నారు, మిషను లేదన్నారు, మనుషులు లేరంటున్నారు. ఇందులో అసలు కారణం ఏదో నాకర్థం కాలేదండీ," అన్నాడు మా బావ, చాలా వినయంగా.

ఆ ఆఫీసరు ఎన్నిసార్లు కాదన్నాడో, బావ అన్నిసార్లూ మళ్ళీ చెప్పించుకున్నాడు. మధ్యలో ఊరికే కూర్చోలేదు. విరిగిన బెంచీలు పడేసే కొట్టుని ఖాళీ చేయించి, తనే సున్నం కొట్టి, గది చేశాడు. కొత్త ఫ్యాక్టరీ వాళ్ళ గుమ్మం అరగదొక్కి, వాళ్ళు పక్కన పెట్టేసిన పాత లేజర్ మిషను ఒకటి సంపాదించాడు. దాన్ని నడిపించి చూపే ఇంజినీరుని కూడా వాళ్ళనే పంపమన్నాడు. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి, "గదుందండీ, మిషనుందండీ, ఇప్పుడెందుకు కాదో ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

ఆఫీసరు చేతులు జోడించాడు. "మహానుభావా, ప్రస్తుతానికి మొదలుపెట్టుకోండి. తరవాత కమిటీ వచ్చి చూస్తుంది. వాళ్ళు సరేనంటే కోర్సుంటుంది, కాదంటే మూసేస్తారు. ఇకమీదట చెప్పేదేదో వాళ్ళే చెబుతారు."

అలా మొదలైంది. ముందు బెంచీల్లో అప్పుడే చదువు ముగించిన కుర్రకారు చేరారు. వెనక బెంచీల్లో బీరువాల ఫ్యాక్టరీ వాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన జీవితమంతా రేకులు కోసిన మేస్త్రీ. ఇంకొకావిడ బీరువాలకి రంగులేసిన మనిషి, అందరూ రంగులక్క అనేవాళ్ళు. ఆ సర్టిఫికెట్టు చేతికొస్తేనే కొత్త ఫ్యాక్టరీలో పని. రాకపోతే ఇద్దరి ఇళ్ళలోనూ పొయ్యి వెలగడం కష్టమే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

మొదటిరోజే మేస్త్రీ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "ఈ వయసులో మాకు చదువేంటి సార్, నలుగురూ నవ్వుతారు," అన్నాడు.

"రండి, నేనూ మీ పక్కనే కూర్చుంటా," అని బావ ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి, నిజంగానే వెనక బెంచీలో ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

ఇక చూడండి నా అవస్థ. ఇంజినీరు మిషను గురించి చెప్పినా, నేను లెక్కలు చెప్పినా, కోర్సు పెట్టిన పెద్దమనిషి వెనక బెంచీలో కూర్చుని వినేవాడు. నేను ఒక కోణం గీసి వివరించి, "అర్థమైందా?" అంటే గదంతా "అయింది సార్" అనేది. అర్థం కానివాడు ఆ గది మొత్తానికి మా బావ ఒక్కడే.

"కాలేదు సార్, ఇంకోసారి చెప్పండి."

ఇంట్లో ఒరేయ్, క్లాసులో సార్. కాలిపోయేది నాకు. ఇంజినీరు కుర్రాడు పాపం మర్యాదస్తుడు. మూడు విడతల తరవాత నా చెవిలో మెల్లిగా, "మీ బావగారు నిజంగానే ఫిజిక్సు చదివారా అండీ?" అన్నాడు.

ఈ తమాషా వల్ల ఒక లాభం కలిగిందని ఒప్పుకోవాలి. మేస్త్రీ క్లాసు మానలేదు. "సారుకే బుర్రకెక్కట్లేదంటే, ఆయనతో పోలిస్తే మనం నయమే కదా," అని రంగులక్కతో అంటుంటే నేను విన్నాను. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కమిటీ వస్తుందని కబురు రాగానే ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"చూడవయ్యా. కమిటీ ముందు మీ బావగారు ఆ మాట అన్నారనుకో, కోర్సు గోవిందా. కోర్సు పెట్టినవాడికే లేజర్ అంటే తెలీదని రాసుకుని పోతారు. ఆయన నోరు మూయించే పూచీ నీది."

సాయంత్రం మా అక్కవాళ్ళింటికి వెళ్ళి బావ ముందు కూలబడ్డాను. "బావా, నీకు దణ్ణం పెడతా. రేపొక్క పూట ఏదైనా అర్థం కాకపోతే మనసులోనే పెట్టుకో."

"ఎందుకురా?"

ప్రిన్సిపాల్ అన్నదంతా చెప్పాను. బావ శ్రద్ధగా విన్నాడు. "అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు," అన్నాడు.

నేను జుట్టు పీక్కున్నాను. వంటింట్లోంచి అక్క నవ్వు వినిపించింది. చివరికి, "ఆ వెనక బెంచీ వాళ్ళ కూడు పోతుంది బావా," అన్నాను. దాంతో ఆయన మొహం మారింది. నోరెత్తనని మా అక్క మీద ఒట్టేశాడు.

మర్నాడు కమిటీ వచ్చింది. కమిటీ పెద్దాయన కోటు వేసుకుని, గొంతు సవరించుకుని, మిషను చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. తరవాత విద్యార్థుల వైపు తిరిగి తనే పాఠం అందుకున్నాడు. ఉత్తేజిత ఉద్గారమన్నాడు, ఏకవర్ణ సంబద్ధ కాంతి అన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. ఒక్క ముక్క నాకు తెలిస్తే ఒట్టు.

"అందరికీ అర్థమైందా?"

ముందు బెంచీల తలలు ఊగాయి. నేను చటుక్కున బావ వైపు తిరిగాను. గోడకి ఆనుకుని నిలబడ్డ మా బావ పెదాలు కదులుతున్నాయి. నేను వేలు చూపించి బెదిరించాను. ఆయన పెదాలు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది. ఒక మనిషి ఒక మాట మింగడానికి అంత కష్టపడటం నేనెక్కడా చూడలేదు. నన్ను కాదు, కమిటీని కాదు, వెనక బెంచీలనే చూస్తున్నాడు. ప్రిన్సిపాల్ మొహం మాత్రం వికసించింది.

అప్పుడు వెనక బెంచీలోంచి రంగులక్క లేచింది.

"తప్పుగా అనుకోకండి సార్. నాకర్థం కాలేదు. ఇంకోసారి చెప్పండి."

ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకున్నారు.

"ఎక్కడ అర్థం కాలేదమ్మా?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"మొదట్నుంచీ సార్."

"నాకూ కాలేదండీ," అని మేస్త్రీ లేచాడు. ఇంతసేపూ తలలూపిన ముందు బెంచీ కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, "నిజానికి మాక్కూడా సార్," అన్నారు. ఇక గది గదంతా అదే పాట.

పెద్దాయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అర్థం కాలేదన్నారు. ఈసారి ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, సుద్దముక్క అందుకున్నాడు. "సరే, వినండి. మామూలు దీపం వెలుగు ఎలాంటిదంటే, సినిమా వదిలాక హాల్లోంచి బయటపడ్డ జనం లాంటిది. తలో దిక్కూ పోతుంది. లేజర్ వెలుగంతా ఒకే దారిన, ఒకే అడుగు కలిపి నడుస్తుంది. దానికి ఆ నడక ఎలా వస్తుంది? ఎదురెదురుగా రెండు అద్దాలు పెడతాం. వెలుగు వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. తిరిగినకొద్దీ బలం పుంజుకుంటుంది."

"మరి రెండు వైపులా అద్దాలే ఉంటే, వెలుగు లోపలే ఉండిపోతుంది కదా సార్?" అంది రంగులక్క.

పెద్దాయన సుద్దముక్క గాల్లో ఆడించాడు. "అదీ ప్రశ్నంటే! ఒక అద్దం కాస్త వెలుగుని బయటికి వదిలేలా చేస్తాం. అదిగో, రేకుని కోసేది ఆ వదిలిన వెలుగేనమ్మా."

"ఓహో," అంది గదంతా. నేనూ అన్నాను.

వెళ్ళేముందు పెద్దాయన ప్రిన్సిపాల్‌తో అన్నాడు: "ఎక్కడికెళ్ళినా అర్థమైందా అంటే అయిందనే అంటారండీ. తీరా మిషను దగ్గరికెళ్ళి చేతులు కాల్చుకుంటారు. వీళ్ళకి ఇలా అడగడం ఎవరు నేర్పారు?"

"మా కాలేజీ పద్ధతే అదండీ," అన్నారు ప్రిన్సిపాల్, తడుముకోకుండా. పెద్దాయన కాగితాల మీద అక్కడికక్కడే సంతకం పెట్టాడు. కోర్సు నిలిచింది. మేస్త్రీ ముక్కు చీదుకుని, నా భుజం పట్టుకుని ఊపేశాడు.

ఉండబట్టలేక రంగులక్కని అడిగాను. "అంత ధైర్యం ఎలా వచ్చిందమ్మా మీకు?"

"ధైర్యమేముంది సార్? రోజూ మీ బావగారే అడిగేవారు. ఇవాళెందుకో ఆయనకి ఒక్కసారికే అర్థమైపోయినట్టుంది. మాకు కాలేదు కదా మరి!"

ఆ సాయంత్రం అక్కకి ఇదంతా చెప్పి, "అక్కా, నిజం చెప్పు. బావకి నిజంగానే ఏదీ ఒక్కసారికి అర్థం కాదా?" అన్నాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళకి అడిగావన్నమాట. ఆయనకి మొదటిసారే అర్థమవుతుందిరా మొద్దూ."

వాళ్ళది ప్రేమపెళ్ళని నాకు తెలుసు. ఆ ప్రేమ ఎక్కడ అంటుకుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. అక్క చేతులు తుడుచుకుని కూర్చుంది.

"ట్యూషన్లో ఈయనది నా పక్క బెంచీ. మాస్టారు చెప్పుకుంటూ పోయేవారు. గదిలో ఆడపిల్లని నేనొక్కదాన్నే, అడగాలంటే నోరు పెగిలేది కాదు. ప్రతిసారీ ఈయనే లేచి, అర్థం కాలేదండీ అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పాపం మొద్దబ్బాయి, నా అదృష్టం కొద్దీ దొరికాడు అనుకున్నా. తీరా పరీక్షలయ్యాక చూస్తే మొదటి మార్కు ఆయనదే! ఒళ్ళు మండి, అర్థమై కూడా కాలేదని ఎందుకు చెప్పారని నిలదీశా."

"ఏమన్నాడు?"

"అప్పుడల్లా మీ పెన్ను ఆగిపోయేదండీ, అన్నాడు."

"అంతేనా?"

"అంతే. పెళ్ళి చేసుకోవడానికి అది చాలదట్రా?"

పక్కగదిలో బావ పిల్లికూనలా ముడుచుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని మేమంతా మందబుద్ధి అన్నామా అని నవ్వొచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది.

మర్నాడు క్లాసులో రేకు మీద వాలు గీత కోణం ఎలా లెక్కగట్టాలో చెప్పాను. "అర్థమైందా?" అన్నాను. "అయింది సార్!" అన్నారు. ఈసారి మొహాలు చూడకుండా చేతులు చూశాను. మేస్త్రీ పెన్ను ఆగి ఉంది. కిటికీ పక్క కుర్రాడు తన పెన్నుతో చెవి గోక్కుంటున్నాడు.

తలుపు దగ్గర బావ నిలబడి ఉన్నాడు, నోరు తెరవబోతూ. నేను డస్టరు తీసుకుని బోర్డు మొత్తం తుడిచేసి, గీత మళ్ళీ మొదట్నుంచి గీయడం మొదలుపెట్టాను. ఆయన నోరు మూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పక్క క్లాసు వైపు వెళ్ళిపోయాడు.