రూబీ సిస్టర్ చదవని కబుర్లు

ఇంజెక్షన్ నొప్పి తెలియకుండా వేస్తుందని రూబీ సిస్టర్‌కి పేరు. శ్రీకాకుళంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఎవరికీ కాదని చెప్పలేకపోవడం ఒక్కటే ఆమెలోని లోపం. దాంతో ఆమె ఫోను సంతలా తయారైంది.

తోటి నర్సు బతిమాలితే ఫేస్‌బుక్‌లో చేరింది. విశాఖలో చదువుకుంటున్న కూతురు శాంతి కోసం ఇన్‌స్టాగ్రామ్‌, పాస్టరుగారి బైబిలు క్లాసు కోసం టెలిగ్రామ్‌ పెట్టుకుంది. ఇక వాట్సాప్‌లో డ్యూటీల గ్రూపు, చర్చి స్త్రీల సమాజం గ్రూపు, అరసవల్లిలో తాముండే వీధివాళ్ల మంచినీళ్ల గ్రూపు. అన్నీ చదివే ఓపిక ఆమెకు లేదు, పలకరించకపోతే నిష్ఠూరాలు తప్పవు. "ఏటి సిస్టరూ, మా మనవడి ఫొటో సూళ్లేదేటి?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు.

చివరికి రూబీ ఒక ఉపాయం కనిపెట్టింది. టీ తాగే పది నిమిషాల్లో, వచ్చినవాటన్నిటి కిందా వరసగా హార్టు గుర్తు నొక్కుకుంటూ పోయేది, చదవకుండానే. ఎవరికీ కోపం రాలేదు. ఆమెకూ పని తెమిలిపోయేది.

ఇలా ఉండగా శృంగవరపుకోట నుంచి పద్మకుమారి ఫోన్ చేసింది.

పద్మ, రూబీ విజయనగరంలో నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉండేవారు. రూబీకి టైఫాయిడ్ వస్తే పద్మ పదకొండు రోజులు క్లాసులు మానేసి జావ తాగించింది. మొదటి ఏడాది పూర్తికాకుండానే పెళ్లి కావడంతో పద్మ చదువు ఆపేసి వ్యవసాయం చేసుకునే నరసింగరావు ఇంటికి వెళ్లిపోయింది. కిందటేడు నరసింగరావుకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అప్పుడు రూబీ పళ్లు పట్టుకెళ్లి చూసొచ్చింది.

"ఒసే రూబీ, నీకో కొత్త యాప్ లింకు పంపినాను. అందులో సేరు," అంది పద్మ.

"మళ్లీ ఇంకోటా! ఉన్నవాటితోనే సస్తన్నాను. వాట్సాప్‌లోనే రాయవే, సూస్తాను."

"అందులో కాదే. ఇందులో అయితే నువ్వూ, నేనే."

"అంత రహస్యమేటి?"

అవతల ఎవరో మూలిగిన చప్పుడు. పద్మ గొంతు తగ్గించింది. "ఇప్పుడేటి సెప్పగలను? సేరు, అంతే."

ఫోన్లో జాగా లేదని రూబీ అబద్ధమాడింది. వారం తర్వాత పద్మ మళ్లీ అడిగితే, డ్యూటీలతో తీరిక లేదంది. మూడోసారి అడిగినప్పుడు కాదనలేక, విసుక్కుంటూనే చేరింది. పద్మ అప్పుడప్పుడూ ఏదో రాసేది. రూబీ అన్నిటితోపాటు దానికీ ఒక హార్టు నొక్కేసేది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, భర్త ప్రకాష్ బండి తీసేలోగా రూబీ ఎప్పటిలాగే ఫోను తీసి నొక్కుతోంది. వేలు తప్పి పద్మ రాసింది మొత్తం తెరుచుకుంది. ఎలాగూ తెరుచుకుంది కదా అని చదివింది.

'ఈవేళ ఆయన్ని కొట్టాను రూబీ. అన్నం ముద్ద మూడుసార్లు ఉమ్మేసినాడు. సెంప మీద కొట్టాను. ఏడవలేదు. నాకేసి అలా సూస్తా ఉండిపోయినాడు. నువ్వు నర్సువి కదా. రోగిని కొట్టినదాన్ని ఏటనాలి?'

పదకొండు రోజుల కిందటి రాత. దాని కింద ఎర్రగా రూబీ పెట్టిన హార్టు. రాసిన నిమిషానికే పెట్టింది.

రూబీ చర్చి అరుగు మీద కూర్చుంది. పైకి జరుపుకుంటూ పోయి, మొదటి నుంచీ చదివింది. వాట్సాప్‌లో కనబడితే 'మా అన్నను వదిలేసి ఎవరితో కబుర్లు?' అని ఆడపడుచు అడుగుతోందట. ఫోన్లో మాట్లాడదామంటే మంచం మీద ఆయన అన్నీ వింటాడు. అందుకే ఈ కొత్త చోటు. 'తిండి పెడితే ఉమ్మేస్తన్నాడు.' 'నీళ్లు తాగితే దగ్గు.' 'నామీద పంతమేమో.' అన్నిటి కిందా హార్టులే.

ప్రకాష్ హారన్ కొడుతున్నాడు. రూబీ లేవలేదు. పక్షవాతం రోగికి మింగడం కష్టమవుతుందని, ఉమ్మితే పంతం కాదని ఆమె వార్డులో రోజూ ఎవరో ఒకరి బంధువులకు చెబుతూనే ఉంటుంది. అక్కడ ఒక్క వాక్యం రాసి ఉంటే, ఆ దెబ్బ పడేదే కాదు.

మర్నాడు సెలవు పెట్టి, విజయనగరంలో బస్సు మారి శృంగవరపుకోట చేరింది. పద్మ చిక్కిపోయింది. గుమ్మంలోనే రూబీ చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది.

"ఆ రోజు నువ్వు తిడతావనుకున్నాను. ఏటీ అనకుండా హార్టు పెట్టినావు. నువ్వు నన్ను అసయ్యించుకోలేదనుకుని మళ్లీ లేచి ఆయనకి అన్నం కలిపినాను," అంది.

రూబీ తాను ఏవీ చదవలేదని చెబుదామనే వచ్చింది. చెప్పకుండా, "ముందు బావని సూస్తాను పద," అంది.

నరసింగరావును నిటారుగా కూర్చోబెట్టి, వీపు వెనక తలగడలు సర్దింది. జావ చిక్కగా కాయించింది. "బావా, గెడ్డం కిందకి దించు. ఆ, అలాగే." చిన్న చెంచాతో ఎడమ పక్కన పెట్టి, గుటక పడేదాకా ఆగింది. ఒక చెంచా, ఇంకో చెంచా. సగం గిన్నె లోపలికి వెళ్లింది. ఆయన ఉమ్మలేదు.

పద్మ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. "అయితే పంతం కాదన్నమాట."

"కాదే. గొంతులో పట్టు పోద్ది. పల్చటి నీళ్లయితే మరీ కష్టం."

"నీకీ సంగతి తెలుసా?"

"తెలుసు."

"మరి నేను అన్నిసార్లు రాసినాను కదే. ఎందుకు సెప్పలేదు?"

చెంచా రూబీ చేతిలో ఆగిపోయింది. ఆయన కళ్లు కూడా ఆమె మీదే ఉన్నాయి. "సదవలేదు పద్మా. నిన్నటిదాకా ఒక్కటీ సదవలేదు. అందరికీ నొక్కినట్టే నీకూ నొక్కేసినాను."

పద్మ తువ్వాలుతో భర్త మూతి తుడిచింది. మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది. "నీ బస్సుకి టైమవుతాది. బయల్దేరు," అంది.

ఆ తర్వాత పద్మ రాయలేదు. రూబీ రాసిన క్షమాపణకు జవాబు రాలేదు. వారపు సెలవు దొరకగానే రూబీ మళ్లీ వెళ్లింది. పద్మ తలుపు తీసి, దారిచ్చి, లోపలికి పోయింది. రూబీ నరసింగరావుకు స్నానం చేయించి, దుప్పటి మార్చి, జావ పట్టి వచ్చేసింది. ఆ పై వారమూ అంతే. ఇంట్లో ప్రకాష్, "క్షమించమని ప్రార్థన సేసుకో, మనసు తేలికవుద్ది," అన్నాడు. చేసుకుంది. తేలిక కాలేదు.

నాలుగోసారి వెళ్లినప్పుడు పద్మ రెండు గ్లాసుల టీ తెచ్చి, అరుగు మీద పక్కన కూర్చుంది.

"నావల్లే కదే నువ్వు బావని కొట్టినావు," అంది రూబీ. మూడు వారాలుగా అనాలనుకుంటున్న మాట.

"కొట్టింది నా సెయ్యి," అంది పద్మ. "నీ తప్పు నువ్వు మొయ్యి, నాది నేను మోస్తాను. రెండూ కలిపేసి నువ్వొక్కదానివే నెత్తికెత్తుకుంటానంటే నాకు కోపమొస్తాది. టీ సల్లారిపోతంది, తాగు."

లోపల నరసింగరావు ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టాడు. ఆకలేస్తే అలా కొడతాడట. ఇద్దరూ ఒకేసారి లేచారు.